కాగితం జారే చోటు

"ఫ్రేము ఎప్పుడో కుదిరింది గురువుగారూ. ఇక టైమింగే కుదరడం లేదు," అని నేను ఫోనులో అన్న మాట మా అత్తగారి చెవిలో పడేసరికి, "ప్రేమ ఎప్పుడో కుదిరింది, ఇక టైమే కుదరడం లేదు" అయి కూర్చుంది.

ఆవిడ మా ఇంట్లోనే ఉంటారు. ఎడమ చెవి పూర్తిగా వినబడదు, కుడి చెవి సగం వినబడుతుంది. తక్కిన సగం ఆవిడ సొంతంగా కలుపుకుంటారు. ఈ మాట శనివారం సాయంత్రం విన్నారు. ఆదివారం మధ్యాహ్నానికల్లా మా బావమరిది దిగాడు.

నిజం చెప్పాలంటే నాకు ప్రేమకే కాదు, తుమ్ముకు కూడా తీరిక లేదు. యాభై మూడేళ్ళవాణ్ణి. బస్సు డిపోలో టైమ్ కీపర్ని. నూట నలభై బస్సుల్లో ఏది ఎప్పుడు కదలాలో నేను చెప్పాలి. ఆదివారమని బస్సులకు తెలియదు కాబట్టి నాకూ తెలియదు. మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి గాలి దిగిన ట్యూబులా ఉంటాను. అలాగే వచ్చి గ్యారేజీలో దూరతాను. దూరం పోయి అలిసిపోయేవాళ్ళు కొందరు, దూరి అలిసిపోయేవాణ్ణి నేను.

గ్యారేజీలో ఉన్నది కాబోయే మోటార్ సైకిలు. మూడున్నరేళ్ళుగా అది కాబోతూనే ఉంది. ఒక పాత బ్రిటిష్ బండి ఫ్రేములో ఇంకో పాత బ్రిటిష్ బండి ఇంజను కూర్చోబెట్టాను. ఇద్దరిదీ ఒకే దేశం. అయినా ఒకరి బోల్టు ఇంకొకరి నట్టులో పట్టదు. నట్టు దొరికితే బోల్టు దొరకదు, రెండూ దొరికిన రోజు నేను బోల్తా. ట్యాంకు మాత్రం నా సొంతం. చెక్క దిమ్మ మీద అల్యూమినియం రేకు పెట్టి ఎనిమిది నెలలు కొట్టాను. కొట్టినన్నాళ్ళూ వీధి వీధంతా నన్ను తిట్టింది. ఇంజను కింద ఎప్పుడూ ఒక రేకు పళ్ళెం ఉంటుంది, నూనె కారడానికి. కారేది కారు అనుకుంటాం గాని, కాదు. కారేది ఇదే.

ఫోనులో మాట్లాడిన గురువుగారు ఇలాంటి బండ్లు బాగుచేసి బాగుచేసి ఇప్పుడు తననే బాగుచేయించుకుంటున్న ముసలి మెకానిక్కు. అందరూ మిల్లీమీటర్లకు మారినా ఆయన అంగుళాల్లోనే ఉండిపోయాడు. అందుకే ఆయన్ని ముప్పావంగుళం అంటారు. "ఒంట్లో ఎలా ఉంది?" అంటే "ముప్పావు" అంటాడు.

ఇక మా ఆవిడ. ముందు గదిలో కుట్టు మిషన్ పెట్టుకుని జాకెట్లు, స్కూలు యూనిఫారాలు కుడుతుంది. ఈ మూడున్నరేళ్ళలో ఒక్కసారి కూడా గ్యారేజీలో అడుగు పెట్టలేదు. దానికో కారణం ఉంది. అప్పట్లో నాకు రోజుకు పాతిక సిగరెట్లు. ఊపిరితిత్తుల్లో నీరు చేరి పదకొండు రోజులు ఆసుపత్రిలో పడుకున్నాను. నేను మంచం మీద, ఆవిడ ఇనుప కుర్చీలో. ఇంటికి తెచ్చిన రోజున ఒకటే మాట చెప్పింది. "సిగరెట్టు మానేయండి. ఆ గ్యారేజీలో మీరేం చేసుకున్నా అడగను. మళ్ళీ ముట్టుకున్నారని తెలిస్తే మాత్రం ఆ ఇనుమంతా బయటికి పోతుంది."

నేను మానేశాను. ఆవిడ అడగలేదు. ఇద్దరం మాట మీద నిలబడ్డాం. నిలబడీ నిలబడీ ఇద్దరికీ కాళ్ళు లాగుతున్నాయి.

ఆ ఆదివారం నేను పీట మీద కూర్చుని కుడి పిక్కకు తడిగుడ్డ చుట్టుకుంటున్నాను. లోపల నిప్పురవ్వ పుట్టే టైమింగు తప్పిన ఇంజన్ని కిక్కు కొడితే, అది తిరిగి మనల్ని కొడుతుంది. సిగరెట్లు మానేశాక నాకు దక్కిన కిక్కు అదొక్కటే. పిక్క వంకాయ రంగుకు తిరిగింది.

బావమరిది లోపలికొచ్చాడు. సోఫాల దుకాణంలో సేల్స్‌మన్. ఎవరి ఇంటికెళ్ళినా ముందు కుర్చీ నొక్కి చూస్తాడు. నా పీట చూసి నొక్కడానికేమీ లేక గొంతు తగ్గించాడు.

"బావా, ఎవరావిడ?"

"ఏ ఆవిడ?"

"నాకు తెలీదనుకోకు. ఎప్పుడో కుదిరిందంటగా. టైమే కుదరట్లేదంటగా."

"టైము కాదురా, టైమింగు."

"ఏదో ఒకటి. ఈ వయసులో నీకిది అవసరమా? పిక్క ఎందుకలా వాచింది? వాళ్ళన్నయ్యలు గానీ కొట్టారా?"

నవ్వుదామంటే ఓపిక లేదు. రెంచితో ఫ్రేము మీద టంగుమని కొట్టాను. "ఇదీ ఆవిడ. ఫ్రేము. ఎనిమిదిచోట్ల అతుకు పెడితే కుదిరింది."

వాడు బండిని తడిమి చూశాడు, నన్ను చూశాడు. ఓడిపోయిన మొహంతో వెనక్కి తిరిగి, ఇంట్లోకి వినబడేలా అరిచాడు. "అమ్మా! ప్రేమ కాదు, ఫ్రేము! ఇనుము!"

గ్యారేజీకీ వంటింటికీ మధ్య ఉన్న తలుపులో అత్తగారు ప్రత్యక్షమయ్యారు. "ఇనుమా? అదెవరి కూతురు?"

ఆవిడ వెనకాల మా ఆవిడ నవ్వుతోంది. మెడలో కొలత టేపు వేలాడుతోంది. మూడున్నరేళ్ళలో ఆ తలుపు దగ్గర ఆ నవ్వు వినడం అదే మొదలు. పిక్క నొప్పి కూడా కాస్త తగ్గినట్టనిపించింది.

అంతలో మా బావమరిది, ఫ్రేముకు అంటిన గ్రీజు చేతికి అంటుకుందని, తుడుచుకోవడానికి గుడ్డ కోసం నా సామాన్ల సొరుగు లాగాడు. గుడ్డతోపాటు చిన్న అట్టపెట్టె బయటికొచ్చింది. సిగరెట్టు చుట్టుకునే పల్చటి కాగితాల పెట్టె.

"బావా," అన్నాడు. ఈసారి గొంతు తగ్గించలేదు.

నవ్వు ఆగిపోయింది. మా ఆవిడ గుమ్మం దాటి లోపలికొచ్చింది. పెట్టె తీసుకుని తెరిచి చూసింది. సగం కాగితాలు లేవు.

"ఇవి దేనికి?"

"టైమింగుకి," అన్నాను.

"ఏ టైముకి బావా? భోజనం చేశాకా, టీ తాగాకా?" అన్నాడు వాడు.

"నువ్వుండరా," అంది ఆవిడ. గొంతులో కోపం లేదు. కోపముంటే బాగుండేది. ఆసుపత్రిలో పదకొండో రోజు నర్సుతో మాట్లాడిన గొంతు అది. "పాత ఇనుము కొనే ఆయన నంబరుందా నీ దగ్గర? ఉంటే రమ్మను."

చుట్టే కాగితం ఒక్కటి చాలు, చుట్టాలందరి ముందూ మనిషిని చుట్టబెట్టేయడానికి. చెప్పాల్సింది చాలా ఉంది. కాని తెల్లవారుజాము నుంచి డ్రైవర్లకీ కండక్టర్లకీ చెప్పీ చెప్పీ నాలుక పిడచగట్టింది. ఈ బండి గురించి ఎవరికి ఏం చెప్పినా రెండో వాక్యానికే వాళ్ళ కళ్ళు గోడ మీదికి పోతాయి. అది తెలిసి చెప్పడమే మానేశాను.

"సిగరెట్టు కాల్చలేదే," అన్నాను. "ఆ కాగితం ఇంజనుకి. నమ్మితే నమ్ము, లేకపోతే తోలేయించు. నాకు ఓపిక లేదు."

ఆవిడ కాసేపు నన్నే చూసింది. బండిని చూసింది. పిక్కకు చుట్టిన గుడ్డ చూసింది.

"ఇంజనుకి కాగితమేంటి? చూపించండి."

ఇంజను పక్కనున్న గుండ్రటి మూత విప్పాను. లోపల చిన్న లోహపు బిళ్ళలు, రెండు జతలు, సిలిండరుకొక జత. "వీటిని పాయింట్లంటారు. అతుక్కున్న జత విడిపోయిన క్షణంలో ఆ సిలిండర్లో నిప్పురవ్వ పుడుతుంది. ఆ విడిపోవడం కంటికి కనబడదు. అందుకని మధ్యలో ఈ కాగితం పెట్టి, మెల్లగా లాగుతూ ఉండాలి. అతుక్కుని ఉన్నంతసేపూ రాదు. విడిపోగానే జారుతుంది. మామూలు కాగితం మందం, పనికిరాదు. ఇదే కావాలి."

"అలా జారితే?"

"అప్పుడు పిస్టను ఎక్కడుందో చూడాలి." ప్లగ్గు తీసిన రంధ్రంలో నిలబెట్టిన సైకిలు చువ్వ చూపించాను. దాని మీద ఒక గీత. "కాగితం జారడం, గీత రంధ్రం అంచుకు రావడం ఒక్కసారే జరగాలి. ముందైతే నా పిక్క పగులుతుంది, వెనకైతే బండి నిద్రపోతుంది. వెనక చక్రం తిప్పితే ఇంజను తిరుగుతుంది. చక్రం తిప్పాలి, గీత చూడాలి, కాగితం లాగాలి."

"ఒక్కరే ఎలా చేస్తున్నారు?"

"కాగితం పళ్ళతో పట్టుకుని."

"నోట్లోకి వెళ్ళిందా లేదా!" అని ఎగిరాడు బావమరిది.

"నోరుమూసుకుని ఆ టార్చి పట్టుకో," అని వాళ్ళక్క వాడి చేతిలో టార్చి పెట్టింది. పీట లాక్కుని కూర్చుంది. ఒక కాగితం తీసి పాయింట్ల మధ్య జొనిపి, కొస బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుంది.

"లాగు, గట్టిగా కాదు," అన్నాను.

"నాకా చెబుతున్నారు? రోజూ దారం బిగువు చూసేదాన్ని. మీరు తిప్పండి."

వెనక చక్రం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని తిప్పడం మొదలుపెట్టాను. వెంట్రుకవాసి, మళ్ళీ వెంట్రుకవాసి. చువ్వ మెల్లగా పైకి లేచింది.

"ఇదిగో, జారింది."

చూస్తే గీత ఇంకా అంచుకు రాలేదు, బియ్యపుగింజంత దూరముంది. నేను మూడు వారాలుగా ఎక్కడ తప్పుతున్నానో అక్కడ. నా పళ్ళకు ఆ క్షణం ఎప్పుడూ ఆలస్యంగా తెలిసేది. పాయింట్ల పలకను ఒక్క పిసరు జరిపి స్క్రూలు బిగించాను. మళ్ళీ తిప్పాను. ఆవిడ మళ్ళీ లాగింది. ఐదోసారికి, "జారింది," అని ఆవిడా, "వచ్చింది," అని నేనూ ఒక్కసారే అన్నాం.

అలాగే నేల మీద కూలబడ్డాను. గెలిచినట్టు లేదు, బరువు దించినట్టుంది.

ఆవిడ పెట్టెలోకి చూస్తోంది. "సగం పెట్టె ఇలాగే అయిపోయిందా?"

"చిరిగిపోయేవి."

"అన్నీనా?"

అవునంటే సరిపోయేది. అక్కడున్నవాళ్ళంతా నమ్మే స్థితిలో ఉన్నారు.

"ఒకటి చుట్టాను," అన్నాను. "మొన్న బుధవారం. లోపల ఏమీ లేదు, ఉత్త కాగితమే. నోట్లో పెట్టుకుని కూర్చున్నాను. అంటించలేదు. కాసేపయ్యాక పారేశాను."

బావమరిది టార్చి నా మొహం మీదికి తిప్పాడు, మళ్ళీ తనే దించేశాడు.

"ఎందుకు?" అంది ఆవిడ.

"అలిసిపోయి. ఆ రోజు ఏడుసార్లు టైమింగు పెట్టాను, ఏడుసార్లూ తప్పింది."

"ముందు గదిలోనే ఉన్నానుగా. పిలవచ్చుగా?"

"అడగనన్నావుగా."

"అడగనన్నాను. రానన్నానా?" అంది. "సీటు కవరు కూడా బయట కుట్టించుకొచ్చారు. కుట్టు చూడండి, మూలల్లో ముడతలు. ఇంట్లో మిషన్ పెట్టుకుని, నేనుండగా."

సీటు మూలలో ముడతను బొటనవేలితో రుద్దాను. పోలేదు.

"ఏమైంది? ఏమిటట?" అని గుమ్మంలోంచి అత్తగారు. "ఆ ఇనుమాయన వస్తున్నాడా, లేదా?"

"రావట్లేదమ్మా!" అని మా బావమరిది అటు తిరిగి, వీధి చివరిదాకా వినబడేలా మొదలుపెట్టాడు. "బావ సిగరెట్టు కాల్చలేదు! కాగితం ఇంజనుకి! ఇంజను! మధ్యలో పెట్టి లాగాలంట! ఒక్క కాగితం మాత్రం నోట్లో పెట్టుకున్నాడంట! ఉత్తదే! అంటించలేదు!"

ఎదురింటి కిటికీ తెరుచుకుంది. పక్కింటి మేడ మీద బట్టలారేస్తున్న ఆవిడ ఆగిపోయింది. వాడు వాళ్ళకు కూడా మొదట్నుంచీ చెప్పుకొస్తున్నాడు.

మా ఆవిడ పెట్టె మూసి, తన కత్తెర సంచిలో వేసుకుంది.

"ఇవి ఇక నా దగ్గరుంటాయి. కావాలంటే పిలవండి." ఒక్క కాగితం మాత్రం చేతిలో మిగుల్చుకుని, పీట ఇంకాస్త ముందుకు జరుపుకుంది. "రెండు జతలన్నారుగా. రెండోది ఎక్కడ?"

చూపించాను. కాగితం జొనిపింది.

"తిప్పండి."