నూలు పట్టే పన్ను

డాక్టరు అద్దం అందించాడు. కూర్మమ్మ తీసుకోలేదు. సంచిలోంచి నూలు చిలప తీసి, ఆ చుట్టలోంచి ఒక పోగు లాగింది.

పొందూరులో నలభై ఏళ్లుగా వడుకుతున్న మనిషి ఆమె. పోగు తెగిందంటే ఒక కొసను పైపళ్ల నడిమి సందులో ఇరికించుకుంటుంది, రెండు చేతులతో అతుకు పెడుతుంది. నిరుడు బస్సు మెట్ల మీద పడి ముందు పన్ను ఊడింది. అంతే, అతుకులన్నీ లావైపోయాయి. శ్రీకాకుళం వచ్చి పన్ను నిలబెట్టే ఇంప్లాంటు మర దవడలో బిగించుకున్నది అందుకే. డాక్టరు మురళీమోహన్ దానిమీద తాత్కాలిక పన్ను పెట్టి, మూడుసార్లు అరగదీసి, పోగు పట్టేదాకా సరిచేశాడు. నాలుగు నెలలు దాంతోనే వడికింది. ఇవాళ దాన్ని విప్పి, ల్యాబు నుంచి వచ్చిన అసలు పన్ను పెట్టాడు.

"అత్తా, తెల్లగా ఎంత బాగున్నాదో," అంది కోడలు రేఖ.

"పెళ్లిచూపులకి ఎల్తన్నానేటే?"

కూర్మమ్మ పోగును సందులో దూర్చి లాగింది. జారిపోయింది. మళ్లీ లాగింది. మళ్లీ జారింది.

"ఇది నా పన్ను కాదు బాబూ."

డాక్టరు పళ్ల సందులు శుభ్రం చేసే దారం తీసి దూర్చాడు. అది బిర్రుగా పట్టింది. "చూడండమ్మా, సందు సరిగ్గానే ఉంది."

"నీ దారం పగ్గంలాగున్నాది. పగ్గం ఎక్కడైనా పడతాది." తన పోగు అతని చేతి తొడుగు మీద పెట్టింది. లైటు కిందకి వంగితే గానీ అది అతనికి కనబడలేదు. "నూరో నంబరు నూలు, అంత సన్నం. ఈ సేత్తో తీసిందే. దీంతో సూడు."

చూశాడు. జారింది. ట్రేలోని పాత పన్ను తీసి తిప్పాడు. పక్కవైపు కాస్త ఉబ్బు, పోగు పట్టేది అక్కడే. అప్పట్లో దాని కొలత పంపకుండా, పక్క పన్నుని చూసి చెయ్యమన్నాడు ల్యాబువాళ్లని. వాళ్లు పుస్తకంలో బొమ్మలా చేసి పంపారు.

"తప్పు నాదేనమ్మా."

"తాత్కాలికం కదాని లెక్కసెయ్యలేదు నువ్వు. మనిద్దరం మూడుసార్లు కూకుని సేసిన పన్ను బాబూ అది."

అతను కొత్తది విప్పాడు. పాతదే మళ్లీ బిగించి, నోట్లో ఉండగానే స్కాన్ తీసి పంపాడు.

పన్నెండో రోజున రెండో పన్ను వచ్చింది. ఈసారి డాక్టరు తన దారం డబ్బా ముట్టుకోలేదు. కూర్మమ్మ పోగు తెంపి, కొస ఇరికించి లాగింది. కదల్లేదు. వేళ్లు వాటంతట అవే పురి తిప్పాయి. రేఖ అద్దం పట్టుకొచ్చింది. కూర్మమ్మ నోట్లో పోగుంది, ఆగమన్నట్టు తల ఊపింది.

పని అయ్యాక పోగును డాక్టరు ముందుకి చాపింది.

అతుకు ఎక్కడుందో అతనికి దొరకలేదు.