మండని మందు

మిరప కోతలు మొదలయ్యాక ఆ ఊరికి ఏ చుట్టం వచ్చినా ముందు తుమ్ముతాడు, ఆ తర్వాతే పలకరిస్తాడు. గుంటూరుకి బస్సులో గంట దూరం. ఊరి చుట్టూ కల్లాలు, కల్లాల నిండా ఎర్రగా పరిచిన కాయ, గాలి నిండా ఘాటు. తుమ్ములు తగ్గాక ఆ చుట్టం అడిగే రెండో మాట ఒకటుంది: "రాజ్యమ్మగారు ఈ పూట ఎవరి కల్లంలో ఉన్నారు?"

అడగరూ మరి! కోసిన పండుకాయ ఎండాలంటే పన్నెండు రోజులు. ఈలోగా ఒక్క చినుకు పడిందా, కాయ తెల్లబడి తాలైపోతుంది. రాజ్యం నడిచిన కల్లంలో ఆ దిగులుండదు. ఆమె అరికాలు ఆనిన చోట కాయ అప్పటికప్పుడే ఎండిపోయి, గింజలు గలగలమంటాయి.

ఆరేళ్ళ కిందట ఆమెకు షుగరు కాళ్ళలోకి దిగింది. అరికాళ్ళ నరాల్లో ఒకటే మంట, దుప్పటి అంచు తగిలినా సూదులు గుచ్చినట్టు పోటు. ఓ సాయంత్రం కూర్చోలేక, నిలబడలేక కల్లంలో అటూ ఇటూ తిరిగింది. తిరిగినంత మేరా కాయ ఎండింది. ఊళ్ళో ఎవరూ నోరెళ్ళబెట్టలేదు, ఎవరూ ముక్కున వేలేసుకోలేదు. పక్కవీధి సుబ్బరావమ్మ వచ్చి, "రాజ్యం, రేపు మా కల్లంలో కూడా నాలుగడుగులు వేసిపోవే" అంది. అంతే. కోటప్పకొండ మీద ఉన్న ఆ స్వామి ఒకరికి గొంతిస్తాడు, ఒకరికి హస్తవాసి ఇస్తాడు. రాజ్యానికి అరికాళ్ళిచ్చాడు. ఇచ్చేటప్పుడు నిప్పుతో కలిపి ఇచ్చాడు, అదీ సంగతి.

ఆమెకున్నది ఒక్కడే తమ్ముడు, వీరబాబు. ఇరవయ్యేళ్ళకే మొగుడు పోయి రాజ్యం పుట్టింటికి వచ్చేసరికి వాడు నాలుగేళ్ళవాడు, తల్లి లేనివాడు. చంకనేసుకుని పెంచింది. ఇప్పుడు వాడికి ముప్పై ఆరు. సేద్యం చేసేవాడికి పిల్లనెవరిస్తారని అందరూ అంటున్నా, అక్క మాత్రం సంబంధాలు వెతుకుతూనే ఉంది.

ఇక ఆ తమ్ముడి భక్తి ఏమని చెప్పమంటారు! మూడేళ్ళ కిందట గుంటూరులో డాక్టరమ్మ కాళ్ళకి ఒక ఆయింట్‌మెంటు రాసిచ్చింది. ఆనాటి నుంచీ మందు తెచ్చేదీ వాడే, రాసేదీ వాడే. రోజూ సాయంత్రం గుమ్మం ముందు కింద కూర్చుని, అక్క పాదాలు ఒళ్ళో పెట్టుకుని, వేలు వేలుకీ పట్టించేవాడు. దారిన పోతూ సుబ్బరావమ్మ తన కొడుకుని దెప్పేది: "చూసి నేర్చుకోరా! నువ్వు నా కాలు తొక్కావే గానీ ఏనాడైనా పట్టావా?"

ఆ మందు వెన్నలా ఉండేది. రాయగానే చల్లగా పాకేది. కాసేపటికి మళ్ళీ మంట మామూలే. అయినా రాజ్యం కళ్ళు మూసుకుని, "ఈ కాసేపు చల్లదనం ఆ స్వామి నీ చేతుల్లోంచి ఇస్తున్నాడురా" అనేది. వీరబాబు తల వంచుకుని ఇంకాస్త రాసేవాడు.

పక్కింటి చాంద్‌బీ జాకెట్లు కుడుతుంది. ఆమెకూ షుగరే, ఆ నరాల పోటు ఆమెకి చేతుల్లోకి వచ్చింది. అదే డాక్టరమ్మ, అదే మందు. రెండు నెలలు తిరిగేసరికి మళ్ళీ సూదిలో దారం ఎక్కిస్తోంది.

"మొదటివారం మాత్రం చేతులు పొయ్యిలో పెట్టినట్టే ఉందక్కా," అంది చాంద్‌బీ ఓ రోజు, కాజాలు కుడుతూ. "మా ఆయన్ని నానా తిట్లూ తిట్టా. పాపం ఆయనేం చేశాడు, ట్యూబు మూత తీసిచ్చాడంతే."

"మండిందా? నాకు చల్లగా ఉంటదే."

"చల్లగానా? ఆ మందా?"

"నీ చేతులు మరీ నాజూకులే, నవాబుగారి బిడ్డవి."

ఇద్దరూ నవ్వుకున్నారు. కానీ ఆ మాట రాజ్యం మనసులో ముల్లులా ఉండిపోయింది. వీరబాబు కూలీలతో కోతలో మునిగి ఉన్న ఓ పొద్దున, సగం అయిన ట్యూబు చేతిసంచిలో వేసుకుని, చాంద్‌బీని తోడు తీసుకుని గుంటూరు బస్సెక్కింది.

డాక్టరు భవ్య చిన్నపిల్ల, కానీ చూపు గట్టిది. రాజ్యం కాళ్ళు స్టూలు మీద పెట్టించి, సన్నటి నైలాను దారంతో వేళ్ళ చివర్లు తాకింది.

"తగిలినప్పుడు చెప్పండమ్మా."

"నువ్వు తాకు తల్లీ, చెప్తా."

"తాకడం అయిపోయిందమ్మా."

డాక్టరమ్మ చిటికెనవేలు పక్కకి తిప్పి చూసింది. కింద పుండు పడి ఉంది. రాజ్యానికి దాని సంగతే తెలీదు.

"చెప్పులు లేకుండా నడుస్తున్నారా?"

"కల్లాల్లో చెప్పులతో ఎట్టా నడుస్తామమ్మా?"

"ఇంకో సీజను ఇలాగే నడిస్తే ఈ వేలు తీసెయ్యాల్సి వస్తుంది. అది పైకి పాకితే పాదం. ఇంతకీ మందు రాస్తున్నారా? మొదట్లో బాగా మండిందా?"

"లేదు తల్లీ. వెన్నలా ఉంటది."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "మండకపోవడమేంటమ్మా? అది మిరపకాయలోంచి తీసిన మందు. ముందు మంట పుట్టించి, పుట్టించి, ఆ నరానికి మండటం విసుగు పుట్టేలా చేస్తుంది. నరం బాగుపడదు గానీ మీరు నిద్రపోతారు. ఏదీ, ఆ ట్యూబు ఇలా ఇవ్వండి."

మూత తీసి మణికట్టు మీద కొంచెం రాసుకుంది. వాసన చూసింది. ట్యూబు తోక వైపు తిప్పి చూసింది. రేకు విప్పి, మళ్ళీ రెండు మడతలు వేసి, పట్టకారుతో నొక్కిన గాట్లు. రాజ్యం ఆ గాట్లు గుర్తుపట్టింది. వీరబాబు స్ప్రేయరు బాగుచేసుకునే పట్టకారువి. ఇంట్లో ఒక్కటే ఉంది.

"ఇది మందు కాదమ్మా. మైనం, కొబ్బరినూనె. ఇంకేదో... కర్పూరమా?"

రాజ్యం చెయ్యి చాపి ట్యూబు తీసుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. హారతి వాసన. తెచ్చిన కర్పూరం పొట్లం వారం తిరక్కుండా అయిపోతుంటే, ఎలకలు కర్పూరం కూడా తింటున్నాయా అని తనలో తను నవ్వుకునేది.

డాక్టరమ్మ పుండుకి కట్టు కట్టింది. కొత్త ట్యూబు రాసిచ్చి జాగ్రత్తలు చెప్పింది: పుండుకి తగలనివ్వకూడదు, రాసినవాళ్ళు సబ్బుతో చేతులు కడుక్కోవాలి, ఆ చేత్తో కళ్ళు ముట్టుకోకూడదు. తిరుగు బస్సులో చాంద్‌బీ తిట్టిన తిట్లు కండక్టరు కూడా నిలబడి విన్నాడు. రాజ్యం మాత్రం కిటికీ బయట కల్లాలు ఒకదాని తర్వాత ఒకటి పోతుంటే, ఇది నేను నడిచింది, ఇదీ నేను నడిచిందే, అనుకుంటూ కూర్చుంది.

ఊళ్ళో దిగేసరికి పడమట మబ్బు కమ్మింది. వీరబాబు ఇంటి ముందు కాలు నిలవక తిరుగుతున్నాడు.

"ఎటు పోయావక్కా? మబ్బు చూశావా? కాయంతా ఆరుబయటే ఉంది! నాలుగడుగులు వెయ్యి, నీకు పుణ్యముంటది."

రాజ్యం మంచం మీద కూర్చుంది. "ముందు మందు రాయి."

"పొద్దు వాలాక రాస్తాగా."

"ఇప్పుడు రాయరా."

వాడు గూట్లోకి చెయ్యి పెట్టి వెతుకుతున్నాడు. రాజ్యం చేతిసంచిలోంచి కొత్త ట్యూబు తీసి చాపింది. "అది కాదు. ఇది. ఇందాకే గుంటూరులో కొన్నా."

వీరబాబు చెయ్యి గూట్లోనే ఆగిపోయింది. కాసేపటికి వచ్చి ఎప్పట్లాగే కింద కూర్చున్నాడు. పాదాలు ఒళ్ళోకి తీసుకున్నాడు. కట్టు చూశాడు. కట్టుకి తగలకుండా రాశాడు. రాస్తుంటే వాడి అరచేతులు ఎర్రబడ్డాయి. పంటి కింద పెదవి బిగబట్టాడు.

"ఏరా, మండుతోందా?"

"మండుతోందక్కా."

"నాకు మూడేళ్ళు మండలేదురా."

బయట కల్లంలో టార్పాలిన్ పట్టాలు గాలికి టపటపా కొట్టుకుంటున్నాయి. వీరబాబు ఆమె పాదాల వైపే చూస్తూ మాట్లాడాడు.

"ఆ ఒక్క కాపూ గట్టెక్కితే చాలనుకున్నానక్కా. మందు పనిచేసి నీ కాళ్ళు చల్లబడితే మన కాయ ఎండదు, ఊరి కాయా ఎండదు. తర్వాతి ఏడు అసలు మందే రాద్దామనుకున్నా. ఆ ఏడు వానలు ముందొచ్చినయ్యి."

"ఆ కర్పూరం ఎక్కడిది?"

"దేవుడి గూట్లోదే."

"నీ చేతిలో చల్లదనం ఉందని రోజూ ఆ స్వామికి దణ్ణం పెట్టుకున్నా. ఆ దణ్ణాలన్నీ ఎవరికి పోయినయ్యిరా?"

వాడికి కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. చెయ్యి ఎత్తాడు.

"ఆ చేత్తో కళ్ళు తుడుచుకోమాక," అంది రాజ్యం, పాదాలు వెనక్కి తీసుకుంటూ. "పోయి సబ్బుతో కడుక్కో."

పెంచిన నోరు కదా, అలా అనేసింది. ఆ తర్వాత లేచి చెప్పులు వేసుకుని పెరటి వరండాలోకి వెళ్ళి, మూడు ఇటుకలు పేర్చి వేరే పొయ్యి పెట్టుకుంది. ఒకే కప్పు కింద అక్కాతమ్ముళ్ళు ఆ సాయంత్రమే వేరుపడ్డారు.

వీరబాబు ఏడుసార్లు చేతులు కడుక్కున్నాడు. మంట పోలేదు. ఉరుము వినపడి కల్లంలోకి పరిగెత్తాడు. రెండు చేతులా కాయ ఎత్తి పట్టా కిందికి తోస్తుంటే, అరచెయ్యి తగిలిన కాయంతా గలగలమంది. వాన దిగేలోపు కుప్పంతా ఎండింది. ఊళ్ళో ఈసారి కూడా ఎవరూ నోరెళ్ళబెట్టలేదు. మర్నాడు సుబ్బరావమ్మ గుమ్మంలోంచి కేకేసింది: "వీరబాబూ, మా కల్లంలో ఒకసారి చెయ్యి పెట్టిపో నాయనా!" ఆమె వెనక ఇంకో నలుగురు.

రోజూ సాయంత్రం చాంద్‌బీ చేతులకి గ్లౌజులు తొడుక్కుని వచ్చి రాజ్యానికి మందు రాసేది. మొదటివారం రాజ్యం పళ్ళు బిగించి ఏడ్చింది. రెండోవారం ఆ మంట కాస్త సన్నగిల్లింది. గోడకి అవతల వీరబాబు చన్నీళ్ళ బకెట్లో చేతులు ముంచుకుని ఊదుకుంటున్న చప్పుడు ఆమెకి వినపడుతూనే ఉండేది. ఓ రోజు చాంద్‌బీ జాకెట్లు కుట్టిన డబ్బులతో ఇంకో ట్యూబు తెచ్చింది. రాజ్యం దాన్ని గోడ మీద పెట్టి, "మొదట్లో మండుద్ది, ఆపకుండా రాసుకోమను వాణ్ణి," అని చాంద్‌బీతోనే చెప్పించింది.

ఇరవయ్యో రోజు పొద్దున్నే రాజ్యం వరండా కడుగుతోంది. నీళ్ళు పాదాల మీదికి పారాయి. ఒళ్ళు జలదరించింది. వెనక్కి తిరిగి చూస్తే గచ్చు మీద ఆమె తడి అడుగులు. ఆరేళ్ళుగా వేసిన అడుగు వేసినట్టే ఆవిరైపోయేది. ఇవి ఆరలేదు. అయిదు వేళ్ళూ, మడమా కనపడుతూ అలాగే ఉన్నాయి.

"ఒరేయ్ వీరబాబూ!" అని నోటికి వచ్చేసింది.

"ఏందక్కా?"

వెంటనే పలికాడు. ఇరవై రోజులుగా ఆ గోడకే ఆనుకుని కూర్చున్నవాడిలా పలికాడు. వీధిలో ట్రాక్టరు ఆగి, ఎవరో వాణ్ణి కల్లానికి రమ్మని హారను కొడుతున్నారు. వాడు కదల్లేదు.

రాజ్యం తడి అడుగుల వంక చూస్తూ నిలబడింది.

"ఏం లేదు," అంది. చీపురు తీసుకుని నీళ్ళు అవతలికి తోసింది.