మంత్రిగారి మంచినీళ్ళు

గ్లాసును గుడ్డతో తుడిచి కిటికీ వెలుతురుకు ఎత్తి చూశాడు. అంచున ఎవరి పెదవుల గుర్తో సన్నగా మిగిలింది. నోటి ఆవిరి ఊది మళ్ళీ తుడిచాడు.

చట్టసభ హాలు వెనక ఉన్న ఈ ఇరుకు గదిలోనే అతని వయసు కరిగిపోయింది. వరసగా బోర్లించిన గ్లాసులు, ట్రేలు, స్టీలు మూతలు, మూలన వేణ్ణీళ్ళ ఫ్లాస్కు. తోటివాళ్ళు అతన్ని చలివేంద్రం అంటారు. అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తు లేదు.

సన్నటి మనిషి. భుజాల దగ్గర వదులైన తెల్ల కోటు, ఇత్తడి గుండీలు, చప్పుడు చేయని గుడ్డ బూట్లు. నడుస్తుంటే గోడ మీద నీడ జరిగినట్టే ఉంటుంది. మాట్లాడుతున్న సభ్యుడికీ అధ్యక్షుడికీ మధ్య నుంచి దాటకూడదు. గోడవారగా పోవాలి. గ్లాసు అంచుకు రెండు వేళ్ళ కింద దాకే నింపాలి. మూత తీసి వెనక్కి తగ్గాలి. ఇంత కాలంలో ఒక్క చుక్క ఒలకలేదు. ఆ సంగతి ఎవరూ గమనించలేదు. ఒలికి ఉంటే గమనించేవారు.

గ్యాలరీ తలుపు కాపలాదారు లోపలికి తొంగి చూశాడు. "ఏం చలివేంద్రం, ఇవాళ పైన మీ చుట్టాలెవరో వచ్చారంట?"

"మా అక్క."

"అల్లరి చెయ్యదు కదా? నా ఉద్యోగానికి ఎసరు పెట్టేవు గురూ."

"మా అక్క గొంతు పెంచగా నేను చిన్నప్పుడు కూడా వినలేదు."

పొద్దున గేటు దగ్గర అక్క సంచీ, గొడుగు, చివరికి తలనొప్పి మందు డబ్బా కూడా తీసి పెట్టుకున్నారు. మాట్లాడకూడదు, లేవకూడదు, కటకటాల మీద చేతులు వేయకూడదు, ఏడవకూడదు అని గేటు కాపలాదారు అప్పచెప్పాడు. "ఏడవడానికి తీరికెక్కడిది నాయనా" అని ఆమె మెట్లెక్కింది.

బావ శీతల గిడ్డంగిలో పెట్టెలు సర్దేవాడు. ఒక సాయంత్రం అతను లోపల ఉండగానే ఎవరో చూసుకోక తలుపు వేసేశారు. ఆ తలుపుకు గొళ్ళెం బయటే. లోపల పిడి లేదు, గంట లేదు. ఇద్దరు కూలీలకు కలిపి ఒక్కటిగా ఇచ్చిన ఉన్ని కోటు ఆ పూట బయట మేకుకు వేలాడుతోంది. మర్నాడు తెరిచేసరికి, తలుపుకు వేసిన పచ్చ రంగు అతని గోళ్ళ నిండా ఉంది. లోపల కూడా గొళ్ళెం ఉండాలని ఏ చట్టంలోనూ లేదు కాబట్టి తప్పు ఎవరిదీ కాదన్నారు. ఎలుక బొరియకు కూడా రెండు దారులుంటాయి. మనిషికి ఒక్కటే, అదీ బయటి నుంచి.

ఆ రోజు బావ "వస్తానే" అంటే అక్క పొయ్యి మీద నుంచి చూపు తిప్పలేదు. "ఊఁ" అంది, అంతే. ఆ "ఊఁ" ఆమెను ఇప్పటికీ తింటోంది. ఇంట్లోంచి ఎవరు బయలుదేరినా గుమ్మం దాకా వచ్చి, వీధి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడుతుంది.

ఇప్పుడు అదే గిడ్డంగిలో, అదే తలుపు వెనక, ఆమె కొడుకు పెట్టెలు సర్దుతున్నాడు. "చట్టం వస్తోందటగా అమ్మా, లోపల కూడా గొళ్ళెం పెడతారు" అని రోజూ నవ్వుతూ వెళ్తాడు. ఆ చట్టం ఎప్పుడొస్తుందో మంత్రి నోటి నుంచి వినాలని ఆమె వచ్చింది.

మంత్రిగారిది నిండైన విగ్రహం. మాట తేనె. ఎవరైనా గట్టిగా నిలదీస్తే దగ్గి, కుడిచేతి రెండు వేళ్ళు ఎత్తుతారు. నీళ్ళు వస్తాయి. గోరువెచ్చగా ఉండాలి. గుటకకూ గుటకకూ మధ్య రుమాలుతో పెదవులద్దుకుంటారు. ఈలోగా ప్రశ్నల సమయం అయిపోయినట్టు గంట మోగుతుంది. గంట మోగాక మిగిలిన జవాబులు కాగితం మీద ఇస్తారు. ఆ కాగితంలో ఉండేది ఒకటే మాట, పరిశీలనలో ఉంది. పోయిన సమావేశాల్లోనూ ఇదే ప్రశ్న వచ్చింది. ఆ నీళ్ళు మోసుకెళ్ళింది అతనే.

ఈ రోజు ప్రశ్న రానే వచ్చింది. అతను నింపిన గ్లాసుతో గోడవార నిలబడి ఉన్నాడు.

ప్రతిపక్ష సభ్యురాలు లేచింది. "బిల్లు రాసి పెట్టుకుని ఇంతకాలమైంది. తలుపుకు లోపల ఒక గొళ్ళెం! దానికి అడ్డేమిటి? అడ్డెవరు? పేరు చెప్పండి."

"అధ్యక్షా, కార్మికుల క్షేమం మా ప్రభుత్వానికి ప్రాణంతో సమానం..."

"ఎవరి ప్రాణంతో?" అని వెనక బల్లల నుంచి ఎవరో అరిచారు. హాలంతా నవ్వింది. మంత్రిగారూ నవ్వారు.

అతను తలెత్తి గ్యాలరీ వైపు చూశాడు. అక్క నవ్వడం లేదు. ముందుకు వంగి కటకటాలు పట్టుకుని ఉంది. కాపలాదారు ఆమె వేళ్ళను ఒక్కొక్కటే విడదీస్తున్నాడు.

మంత్రిగారు దగ్గారు. రెండు వేళ్ళు లేచాయి.

అతని పాదం కదలలేదు.

వేళ్ళు మళ్ళీ లేచాయి. మంత్రిగారు మెడ తిప్పి చూశారు. ఇన్నేళ్ళలో ఆయన అతని ముఖం చూడటం అదే మొదలు. అతను చూపు దించలేదు. మనసులోనే అడిగాడు. అరిచి అరిచి మా బావ గొంతు ఎండిపోతే ఎవరు తెచ్చారయ్యా నీళ్ళు? ఎన్ని వేళ్ళెత్తాడో ఎవరు చూశారు?

"నీళ్ళు తర్వాత తాగొచ్చు. జవాబు చెప్పండి!" అంది సభ్యురాలు.

తేనె గొంతు జీరపోయింది. "ఏం చెప్పమంటారు? లోపల గొళ్ళెం పెడితే కూలీలు గడియ వేసుకుని పడుకుంటారని యజమానులే ఒప్పుకోవడం లేదు! వాళ్ళని కాదని ఈ బిల్లు నేను..."

నాలుక కరుచుకున్నారు. కానీ మాట దొర్లిపోయింది.

"ఆ మంచులో పడుకుంటారా? సిగ్గు లేదూ?" అని ఒక్కసారిగా కేకలు. అధ్యక్షుడు బల్ల చరిచాడు. "మంత్రిగారి మాటలను రికార్డు నుంచి తొలగిస్తున్నాం." అంతలో గంట మోగింది. కాగితం మీంచి తీసేశారు సరే, విన్న చెవుల్లోంచి ఎలా తీస్తారు?

అతను ట్రేను గోడవార బల్ల మీద పెట్టి వరండాలోకి వచ్చాడు. అక్క మెట్లు దిగుతోంది. ఆమె కళ్ళు పొడిగా ఉన్నాయి.

"బాధపడకు అక్కా. వచ్చే సమావేశాల్లో..."

"ఇంకే సమావేశాలురా? వస్తుంది వస్తుంది అంటే నమ్మి, రోజూ వాణ్ణి నా చేత్తో ఆ తలుపు లోపలికి పంపాను. అది రాదని ఆయనే చెప్పాడుగా. పోయి వాణ్ణి బయటికి తెచ్చుకుంటాను."

"ఇప్పుడే?"

"మరి? ముహూర్తం పెట్టించుకోమంటావా?"

"ఇల్లు గడవద్దూ?"

"నా రెక్కలు ఇంకా విరగలేదు తమ్ముడూ. వాడూ ఎండలో చేసే పని ఏదో ఒకటి వెతుక్కుంటాడు." అతని కోటు కాలరు సర్దింది. "నువ్వు నీళ్ళివ్వకపోవడం చూశాను. మీ బావ ఉంటే నీ వీపు తట్టేవాడు."

గేటు దగ్గర సంచీ, గొడుగు తీసుకుని గబగబా నడిచింది. అతను వరండా చివరిదాకా వెళ్ళి, ఆమె మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాడు.

వెనక పర్యవేక్షకుడి గొంతు. "మంత్రిగారు పిలవడం కనపడలేదటయ్యా?"

"కనపడింది సార్."

"మరి?"

"కాళ్ళు రాలేదు సార్."

"అయితే రేపటి నుంచి ఆ కాళ్ళను ఇంట్లోనే పెట్టుకో. కోటు విప్పి ఇచ్చి వెళ్ళు."

ఇత్తడి గుండీలు ఒక్కొక్కటే విప్పాడు. గ్యాలరీ కాపలాదారు పక్కకొచ్చి గుసగుసలాడాడు. "గ్లాసుడు నీళ్ళ కోసం ఇన్నేళ్ళ కొలువు పోగొట్టుకున్నావు కదయ్యా, పిచ్చి మారాజా!"

"పోనీలే. ఒక్క చుక్కా ఒలకలేదుగా గురూ" అన్నాడు. గుడ్డ బూట్లు కూడా విప్పేసి, ఎప్పటిలాగే చప్పుడు లేకుండా గేటు దాటి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నానికి హాలు ఖాళీ అయింది. దీపాలు ఆర్పారు. గోడవార బల్ల మీద, అంచుకు రెండు వేళ్ళ కింద దాకా నింపిన గ్లాసు, మూత తీయకుండా, మెల్లగా చల్లబడుతూ అలాగే ఉంది.