మావయ్య కోపానికి నాలుగు తలుపులు

మా మేనమామకు తలుపుల మడతబందులు చేసే కార్ఖానా ఉంది. కోపమూ ఉంది. రెంటిలో ఏది పెద్దదో చెప్పలేను. అక్కడ బందులు బిగించిన తలుపును మిషనుతో తీసి వేసి చూసే టెస్టింగు గది నాది. లావు పిన్ను బందులు ఖరీదెక్కువని ఎవరూ కొనడం లేదు. అందుకని నేను సన్న పిన్నుకు ప్లాస్టిక్ వాషర్ చేర్చి చవక బందు తయారుచేశాను. మావయ్య పెదవి విరిచాడు.

"నీ మిషను పాపాయిని పడుకోబెట్టినట్టు తలుపేస్తుంది. కొనేవాళ్ళు మనుషులమ్మా. నెలాఖరులోగా రుజువు చెయ్యి, లేకపోతే నీ గదిని గోడౌను చేసేస్తా."

నాకు ఒళ్ళు మండింది. మనుషులే కావాలంటే ఆయన్ని మించిన మనిషి ఎక్కడ దొరుకుతాడు? కోపమొస్తే మావయ్య తలుపు వేయడు, బాదుతాడు.

పిన్ను లావు, వాషర్, స్క్రూ పొడవు. రెండేసి రకాలున్న ఈ మూడింటి కలయికలన్నీ పరీక్షించాలంటే ఎనిమిది తలుపులు కావాలి. తెలివిగా ఎంచుకుంటే నాలుగు చాలు. కార్ఖానాలో మావయ్య బాదేవి సరిగ్గా నాలుగే. ఆయనకు చెప్పకుండా వాటికే ఒక్కోదానికి ఒక్కో రకం బందులు బిగించాను. వాటిలో ఒకదాని మీద ఆయనకు కక్ష ఎక్కువ ఉండొచ్చు కదా, అందుకని ఫిట్టరన్నా నేనూ వారం వారం బందుల చోట్లు మార్చాం. అరుగుదల కొలిస్తే పిన్ను లావైనా సన్నమైనా ఒకటే, వాషర్ లేనివే లొడలొడమంటున్నాయి. నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

చివరి వారం కొంప మునిగింది. మావయ్య తలుపులు మెల్లగా చేరవేస్తున్నాడు. అత్తయ్య ఆయన్ని ధ్యానం క్లాసులో చేర్పించిందట.

"ఇంకో వారం ఆగలేకపోయారా అత్తయ్యా?" అన్నాను ఫోనులో.

"పెళ్ళైన దగ్గర్నుంచీ ఆగానే," అంది.

గత్యంతరం లేక వెళ్ళి మావయ్యకు నిజం చెప్పేశాను.

"అంటే ఇన్నాళ్ళూ నేను నీకు మిషన్నా?"

"మిషను ఇంత బాగా బాదదు మావయ్యా."

ధ్యానం గాలికెగిరిపోయింది. నాలుగు తలుపులూ వరసగా మోగాయి. మూడు నిలిచాయి, నాలుగోది పిడితో సహా ఆయన చేతికొచ్చింది.

"ఇదేగా నీ చవక బందు?" అన్నాడు రొప్పుతూ.

"కాదు. లావు పిన్ను, వాషర్ లేదు. మీరు అమ్మేది."

మావయ్య ఆ తలుపును గోడకు ఆనించి, నా సన్న పిన్ను తలుపు దగ్గరికి వెళ్ళాడు. బాదాడు. మళ్ళీ బాదాడు. తర్వాత ఒక్క వేలితో తోసి చూశాడు. తలుపు కిక్కురుమనలేదు.

"గది ఉంచుకో," అన్నాడు చివరికి. "నా తలుపులకి మాత్రం రెండేసి వాషర్లు వెయ్యి."