లిఫ్ట్‌లో పట్టని చప్పుడు

డీజే అవుతానని రజని చెప్పినప్పుడు వాళ్ళమ్మ కాంతవ్వ పెళ్లి సంగతి ఎత్తలేదు, ఉద్యోగం ఏమవుతుందని అడగలేదు. "డబ్బాలు ఎంత పెద్దయి కొంటవ్?" అని మాత్రం అడిగింది.

రజని అమీర్‌పేటలో ఒక కంప్యూటర్ కోచింగ్ సెంటర్‌లో రిసెప్షనిస్టు. పొద్దున లేస్తే మైకు పట్టుకుని జావా వాళ్ళని మూడో ఫ్లోర్‌కి, పైథాన్ వాళ్ళని సెల్లార్‌కి తరమడమే పని. ఒకసారి తోటి ఉద్యోగి పెళ్లిలో పాటలు పెట్టేవాడు రాకపోతే తనే ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. కాసేపటికి అకౌంట్స్ సెక్షన్ మొత్తం లేచి ఎగిరింది. అకౌంట్స్ వాళ్ళ చేత ఎగిరించిన మనిషి ఎవరిచేతైనా ఎగిరించగలదని ఆమెకి ఆ రోజే నమ్మకం కుదిరింది. పాటలు కలిపే చిన్న మెషిన్ కొని, ఇంట్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని నేర్చుకుంది. ఇక స్పీకర్లే తరువాయి.

వాటికి పెట్టుబడి కాంతవ్వది. సిరిసిల్ల నుంచి వచ్చి బల్కంపేటలో జాకెట్లు కుట్టే కాంతవ్వ, చీటీ ఎత్తి మరీ కూతురి వెంట బయల్దేరింది. డబ్బు తనది కాబట్టి ఎంపిక కూడా తనదే అనుకుంది. రజని ఫోన్‌లో చూపించిన స్పీకర్లు ఆమెకి నచ్చలేదు. ఆంప్లిఫైయర్ లోపలే ఉంటుంది, స్టాండ్ మీద పెట్టుకోవచ్చు, ఇద్దరు ఆడవాళ్ళు మోసుకుపోవచ్చు అని రజని ఎంత చెప్పినా ఆమె ఒకటే మాట అంది.

"గివి మిక్సీలెక్క ఉన్నయ్."

కృష్ణానగర్ సందులో గిరిబాబు దుకాణం ఉంది. సినిమాల్లో సౌండ్ పని చేస్తానని వచ్చిన గిరిబాబు ఇప్పుడు పాత సౌండ్ డబ్బాలు అమ్ముతున్నాడు. ఊరేగింపుల్లో డీజేలు వద్దని పోలీసులు అన్నప్పటి నుంచి బీరువాలంత బేస్ డబ్బాలు అతని దుకాణంలో సీలింగ్ దాకా పేరుకుపోయాయి. అతను నిలబడటానికే చోటు లేదు. అలాంటి సమయంలో కాంతవ్వ లోపలికి వచ్చి, "గంత పెద్దయి ఏంది బాబూ?" అని అడిగేసరికి గిరిబాబు మొహం వెలిగిపోయింది.

"పాట అందరు పెడతరు అక్కా. దెబ్బ ఎవరు పెడతరు?" అని స్విచ్ వేశాడు.

షట్టర్ వణికింది. పక్కన చాయ్ కొట్టు ఆయన అలవాటుగా గాజు గ్లాసులన్నీ అరలోంచి తీసి కింద పెట్టుకున్నాడు. కాంతవ్వ కడుపు మీద చెయ్యి పెట్టుకుని, "లోపలికెల్లి వస్తున్నది" అంది సంతోషంగా.

"అమ్మా, గవి ఊరేగింపు డబ్బాలు. ఇళ్ళల్ల ఫంక్షన్లకు నడువయి" అంది రజని.

"చిన్నయి పెడితే మనల్ని సుత చిన్నగనే చూస్తరు."

"మరి మోసుడెవరు?"

"మోసెటోళ్ళు దొరుకుతరు. నువ్వు ఫికర్ జేయకు."

గిరిబాబు వాట్ల లెక్క మొదలుపెట్టాడు. ఆ లెక్క వింటే ఎర్రమంజిల్ దాకా కరెంటు పోవాలి. చివరికి రజని తన పంతం కోసం రెండు చిన్న స్పీకర్లు, తల్లి పంతం కోసం రెండు పెద్ద డబ్బాలు, వాటిని మోగించే ఆంప్లిఫైయర్ కొంది. ఇంటికి రాగానే కాంతవ్వ పెద్ద డబ్బాలకి మెరూన్ గుడ్డతో ముసుగులు కుట్టి, మిగిలిపోయిన జరీ అంచులు వేసింది. చిన్న స్పీకర్లని పట్టించుకోలేదు.

మొదటి పిలుపు పంజాగుట్ట నుంచి వచ్చింది. కేదార్ అనే అతను ఒకప్పుడు కోచింగ్ సెంటర్‌లో చదివి, ఇప్పుడు మంచి ఉద్యోగంలో ఉన్నాడు. వాళ్ళమ్మ ఛాయాదేవి డెబ్బయ్యో పుట్టినరోజు. ఆదివారం మధ్యాహ్నం, వాళ్ళ అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద.

"మరీ హోరెత్తిపోకూడదండి రజని గారూ. అమ్మకి పాత పాటలంటే ప్రాణం. అన్నీ ఏరి పంపిస్తాను. మా అసోసియేషన్ ప్రెసిడెంట్ గారితో కొంచెం జాగ్రత్త" అన్నాడు ఫోన్‌లో.

"చిన్న స్పీకర్లే తెస్త సార్" అంది రజని.

ఆదివారం పొద్దున ఆమె స్నానం చేసి వచ్చేసరికి ట్రాలీ ఆటోలో పెద్ద డబ్బాలు కూడా ఎక్కి ఉన్నాయి. వాటి పక్కన పట్టుచీర కట్టుకుని కాంతవ్వ కూర్చుని ఉంది. దించమంటే ఆటో అతను ఎక్కించడానికే నడుము పోయిందన్నాడు.

పంజాగుట్టలో డబ్బా లిఫ్ట్ దగ్గర ఆగిపోయింది. నిలువుగా పట్టలేదు, అడ్డంగా పట్టలేదు. వంటవాళ్ళు నలుగురు పట్టి మెట్ల మీదుగా ఎక్కించబోతే మొదటి మలుపులో ఇరుక్కుంది. ప్రెసిడెంట్ హనుమత్ప్రసాద్ గారు తాళాల గుత్తి పట్టుకుని వచ్చి నిలబడ్డారు.

"లిఫ్ట్‌లో ఆరుగురికే పర్మిషన్. ఇది ఎంతమంది కింద లెక్క?" అన్నారు.

"ఒక్కటే కద సార్" అంది కాంతవ్వ.

ఆయన తాళాల గుత్తితో కిందికి చూపించి, డబ్బాలు సెల్లార్‌లోనే ఉండాలని తేల్చారు. ఆంప్లిఫైయర్ కూడా వాటితోనే ఉండిపోయింది. కాంతవ్వ కుర్చీ తెప్పించుకుని డబ్బాలకి కాపలా కూర్చుంది.

రజనికి లోలోపల హాయిగానే ఉంది. టెర్రస్ మీద షామియానా కింద చిన్న స్పీకర్లు స్టాండ్ల మీద నిలబెట్టి, కేదార్ ఏరిన పాటలు ఒకదానిలోకి ఒకటి నెమ్మదిగా కలిపింది. శ్రావ్యంగా ఉంది. ఎవరూ ఎగరలేదు గానీ, చుట్టాలు పళ్ళెంలో గారెలు పెట్టుకుని తల ఊపుతున్నారు. ఛాయాదేవి మధ్యలో కుర్చీలో కూర్చుని నవ్వుతోంది.

ఆ నవ్వే రజనికి అనుమానం తెప్పించింది. విషాద గీతానికీ అదే నవ్వు, హుషారు పాటకీ అదే నవ్వు. పొరపాటున పాట ఆగిపోతే అందరూ ఇటు తిరిగారు. ఛాయాదేవి మాత్రం అలాగే నవ్వుతూ చేత్తో తాళం వేస్తోంది. రజని మళ్ళీ పాట పెట్టి ఆమె దగ్గరికి వెళ్ళి, చెవి చూపించి వినపడుతోందా అని సైగ చేసింది.

ఛాయాదేవి అటూ ఇటూ చూసి పర్సు తెరిచింది. జేబురుమాలులో చుట్టిన చెవి మిషన్లు రెండు ఉన్నాయి.

"ఇవి పెట్టుకుంటే స్పీకర్ల ముందు ఒకటే ఈల వేస్తాయమ్మా. తీసేశాను" అంది, చెవులు వినపడనివాళ్ళ గట్టి గొంతుని బలవంతంగా తగ్గించుకుంటూ. "వాడికి చెప్పకు. నెల రోజుల నుంచి పాటలు ఏరుతున్నాడు."

రజని తల ఊపింది. తిరిగి వచ్చి తన మెషిన్ ముందు నిలబడి, ఆమె కోసం పెడుతున్న పాటల్ని ఆమె తప్ప అందరూ వింటుంటే చూస్తూ ఉంది.

కింద సెల్లార్‌లో వేరే కథ నడుస్తోంది. వడ్డన మొదలయ్యే లోపు వంటవాళ్ళు బీడీలకి దిగారు. "అమ్మా, గింత పెద్ద డబ్బాలు ఉత్త షోకేనా?" అన్నాడు ఒకడు. కాంతవ్వకి అది ఇజ్జత్ సమస్య అయింది. గిరిబాబు దుకాణంలో ఏ వైరు ఎక్కడ పెట్టాడో ఆమె చూసింది. ఆంప్లిఫైయర్ ప్లగ్గు పెట్టి, వైరు తన ఫోన్‌కి తగిలించి, గుండ్రటి మీటని పోయినంత దూరం తిప్పింది.

బేస్ డబ్బాలకి పాటలో మాటలతో పని లేదు. అది ఏ పాటో ఎవరికీ తెలియలేదు. దెబ్బ మాత్రం పడింది. ముందు ఒక కారు అరిచింది, తర్వాత దాని పక్కది, ఆ తర్వాత సెల్లార్‌లోని కార్లన్నీ కలిసి ఏడవడం మొదలుపెట్టాయి.

టెర్రస్ మీద మగవాళ్ళు తాళాలు తడుముకుంటూ లిఫ్ట్ వైపు పరిగెత్తారు. ఆడవాళ్ళు ఏమైందో చూడటానికి వెళ్ళారు. అందరూ వెళుతుంటే భోజనాలు కిందికి మార్చారేమో అనుకుని ఛాయాదేవి కూడా లిఫ్ట్ ఎక్కింది. రజని మెట్ల మీదుగా పరిగెత్తింది.

ఆమె చేరేసరికి హనుమత్ప్రసాద్ గారు డబ్బాల ముందు నిలబడి అరుస్తున్నారు. ఆయన నోరు కదలడమే కనిపిస్తోంది. పక్కన ఛాయాదేవి చెప్పులు విడిచేసి, గచ్చు మీద వట్టి కాళ్ళతో నిలబడి ఉంది. మొహం మీద పైన కూర్చున్నంతసేపూ ఉన్న నవ్వు లేదు. ఏదో జ్ఞాపకం తెచ్చుకుంటున్నదానిలా కళ్ళు మూసుకుంది. తర్వాత చెయ్యి చాచి డబ్బా మీద అరచెయ్యి ఆనించింది.

"ఆపండి, పిల్లర్లు పగిలిపోతాయి" అన్నారు హనుమత్ప్రసాద్ గారు ఆమె చెవి దగ్గర.

"థాంక్సండీ. భోంచేసి వెళ్ళండి" అంది ఛాయాదేవి. కొడుకు వైపు తిరిగి, "ఒరేయ్, ఇది నాకు తెలుస్తోందిరా. పైన పాపం ఆ అమ్మాయి చేతులు తిప్పుతుంటే నవ్వుతూ కూర్చున్నాను. ఇది తెలుస్తోంది" అంది. ఆ మాట సెల్లార్ మొత్తానికి వినపడింది.

కేదార్ మొహం చిన్నబోయింది. రజని ముందుకెళ్ళి మీట తగ్గించింది. వెంటనే ఛాయాదేవి కంగారుగా చూసింది.

"ఏమైంది? ఆగిపోయిందా?"

"లేదమ్మా, ఉంది" అంటూ రజని కాంతవ్వ కుర్చీని డబ్బాకి ఆనించి వేసి, ఛాయాదేవిని కూర్చోబెట్టి, ఆమె చెయ్యి తీసి చెక్క మీద పెట్టింది. చప్పుడు మామూలు మాటలకి అడ్డం రానంత చిన్నగా ఉంది. కార్లు ఊరుకున్నాయి. ఛాయాదేవి వెన్ను డబ్బాకి ఆనించి కాసేపు ఆగింది.

"ఆఁ. ఉంది" అంది.

పెద్ద చప్పుడు అక్కర్లేదని, తాకితే చాలని రజనికి అప్పుడు అర్థమైంది. పైనున్న చిన్న స్పీకర్లు దింపించింది. వాటిలోంచి పాట, డబ్బాలోంచి తాళం. కార్ల మధ్యనే కుర్చీలు పడ్డాయి, గారెలు వచ్చాయి. కేదార్ తల్లి పక్కన గొంతుకూర్చుని తన చెయ్యి కూడా డబ్బా మీద పెట్టాడు. ఆమె తాళం వేస్తూ, ఎప్పుడు దరువు మారినా ముందే అతని భుజం మీద తట్టి చెబుతోంది. సెల్లార్‌లో ఫంక్షన్లు చేయకూడదన్న రూలు ఒకటి ఉన్నట్టు హనుమత్ప్రసాద్ గారికి లీలగా గుర్తొచ్చింది గానీ, అప్పటికే చేతిలో పులిహోర ఉంది.

ఇంటికి వెళ్ళే దారంతా కాంతవ్వ మాట్లాడుతూనే ఉంది.

"ఎవరి డబ్బాలు గెలిచినయ్?"

"నీయే. కాని లిఫ్ట్ ఎక్కలే కదా. అందరి ఇంట్ల ముసలోళ్ళు సెల్లార్‌కు దిగుతరా?"

కాంతవ్వ వెనక్కి తిరిగి డబ్బాల ముసుగులు సర్దింది.

మర్నాడు ఇద్దరూ ట్రాలీ ఆటోలో డబ్బాలతో సహా గిరిబాబు ముందు దిగారు. అతను డబ్బాల్ని దూరం నుంచే చూసి, "వాపసు ఉండది చెల్లే" అన్నాడు.

"వాపసు కాదన్నా, మార్చుకుంటం" అంది రజని. బ్యాగులోంచి దూది తీసి రెండు చెవుల్లో కుక్కుకుంది. తల్లికి కూడా ఇచ్చింది.

"సౌండ్ డబ్బా కొననీకి వచ్చి చెవుల దూది పెడతరా?" గిరిబాబుకి నిజంగానే బాధ కలిగింది.

రజని ఒక చెవిలోంచి దూది తీసి, "పోయినసారి చెవులతోని విన్నం. నువ్వు చెప్పిందే వినపడ్డది" అని మళ్ళీ పెట్టుకుంది.

ఒక్కో చిన్న బేస్ డబ్బాని మెల్లగా మోగించమంది. తల్లీకూతుళ్ళు వరసగా ఒక్కోదాని మీద కూర్చున్నారు. చాయ్ కొట్టు దగ్గర జనం చేరారు. మొదటిది నడుముకు కొడుతోందని కాంతవ్వ లేచింది. రెండోది ఉత్తగ గులగులమంటున్నదంది. ఇంకొకటి బాగానే ఉంది గానీ, దాన్ని ఎత్తబోతే రజనికి కదల్లేదు. మూలన ఒకే స్పీకరు ఉన్న డబ్బా, ఆంప్లిఫైయర్ లోపలే, కింద చక్రాలు. గిరిబాబు దాని మీద అన్నం గిన్నె పెట్టుకుని ఉన్నాడు. రజని గిన్నె తీసి పక్కన పెట్టింది.

"గది పిల్లల ఆటకు చెల్లే" అన్నాడు గిరిబాబు. ఇద్దరికీ వినపడలేదు.

రజని దాన్ని ఒక చేత్తో లాగి చూసింది, గుమ్మం దాటించి చూసింది, మళ్ళీ లోపలికి తెచ్చి పాట పెట్టి తల్లిని కూర్చోబెట్టింది. కాంతవ్వ కాళ్ళు దగ్గరగా పెట్టుకుని, కళ్ళు మూసుకుని కూర్చుంది. పాట అయిపోయింది. ఆమె లేవలేదు.

"ఎట్లున్నదమ్మా?" అని రజని భుజం తట్టి చేత్తో సైగ చేసింది.

"జర ఆగు" అంది కాంతవ్వ. "ఇంకో పాట పెట్టు."