నోట రాని పేరు

ముత్తవ్వ వరండా తుడవడం ముగించి చెప్పుల దగ్గరికి వచ్చింది. నిజామాబాద్ కంఠేశ్వర్‌లోని ఆ ఆస్పత్రికి పిల్లల కోసం వచ్చేవాళ్లంతా గుడి ముందు విడిచినట్టు చెప్పులు గుమ్మం ముందే విడిచిపెడతారు, ఎక్కడివక్కడ, తొందరతో. వాటిని జతలుగా కూర్చి గోడ పొడుగునా సర్దడం ఆమె పని. ఫినాయిల్ నీళ్లతో నేల తుడవడం, కుండలో మంచినీళ్లు నింపడం, పేర్లు పిలవడం, సూదులు వేయించుకున్న ఆడవాళ్లను రెక్క పట్టి బల్ల మీద నుంచి దింపడం కూడా ఆమె పనే. మనిషి బక్కపలచన. చేతులు మాత్రం పెద్దవి. చిన్నప్పటి నుంచి బీడీలు చుట్టిన చేతులు. బీడీ మూతి మలిచి మలిచి బొటనవేలి గోరు ఒక పక్కకు అరిగిపోయింది. ఎడమ మణికట్టు కొంచెం వంకర.

ఇంకో పని ఉంది. అది ముత్తవ్వ చేసినట్టు ఎవరూ చేయలేరని డాక్టరమ్మే అంటుంది. మగవాళ్లకు పరీక్ష రాసినప్పుడు వాళ్ల చేతికి చిన్న ప్లాస్టిక్ డబ్బా ఇవ్వాలి. అదేమిటో, ఎందుకో హాల్లో కూర్చున్న అందరికీ తెలుసు. మీసం మెలేసుకుని వచ్చినవాడు కూడా అది చేతిలో పడగానే నేల చూపులు చూస్తాడు. అందుకని ముత్తవ్వ మగవాళ్లను పేరు పెట్టి పిలవదు. డబ్బాను పాత పేపరు ముక్కలో పొట్లం కట్టి, కొంగు చాటున తెచ్చి, "అన్నా, ఆఖరు రూము" అని మెల్లగా చెప్పి చేతిలో పెడుతుంది. పక్కనున్నవాళ్లకు అది పల్లీల పొట్లంలా కనబడుతుంది.

ఆడవాళ్ల పేర్లు మాత్రం మొగుడి పేరుతో కలిపి గట్టిగానే పిలుస్తుంది. ఒక్క పేరు తప్ప. ఆ పేరు ఆమె నోట రాదు. మొగుడి పేరు పలకని ఆడవాళ్లు ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఎంతమందో ఉన్నారు. కానీ కులపంచాయతీలో ఇడుపు కాయితం రాసుకుని విడిపోయి, ఇన్నేళ్లయినా పలకనిది ఈమె ఒక్కతే. పైగా ఆ మొగుడికి ఉన్నది వాడవాడలా గుడి ఉన్న దేవుడి పేరాయె. ఆ దేవుణ్ణి కూడా ఆమె 'తోకదేవుడు' అంటుంది. ఆ పేరున్న మనిషి పెళ్లాంతో వస్తే కాంపౌండర్ రాజేశ్వరే లేచి పిలవాలి.

"ఇడిశిపెట్టినోని పేరు మీద గింత మర్యాదేంది ముత్తవ్వా?" అని రాజేశ్వర్ ఏడిపిస్తాడు.

"మర్యాద గాదు. నోరు ఖరాబైతదని" అంటుంది.

అదీ నిజం కాదు. ఆ పేరును ఆమె దాచుకుంది. పెట్టె అడుగున కత్తిని దాచుకున్నట్టు, ఎప్పుడో ఒకనాడు అక్కరకు వస్తుందని దాచుకుంది.

ఆ పొద్దున చెప్పులు సర్దుతుంటే ఒక జత దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది. టైరు చెప్పులు. ఎడమదాని మడమ లోపలి పక్కకు అరిగి ఉంది. ఎప్పుడో చెరుకు బండి చక్రం పాదం మీదుగా పోయి, ఆనాటి నుంచి ఎడమ కాలు ఈడ్చి నడిచే మనిషి చెప్పు అట్లాగే అరుగుతుంది. అటువంటి చెప్పులను ఆమె ఏళ్ల తరబడి కడిగింది.

తల ఎత్తి చూసింది. ఫ్యాను కింద, టీవీకి ఎదురుగా హన్మాండ్లు కూర్చుని ఉన్నాడు. జుట్టుకు రంగు వేశాడు. భుజం మీద ఎర్ర రుమాలు. పక్కన అతని వయసులో సగం కూడా లేని సన్నటి పిల్ల, ఒళ్లో సంచి పెట్టుకుని. హన్మాండ్లు ముత్తవ్వను చూశాడు, గుర్తుపట్టాడు, ముఖం టీవీ వైపు తిప్పుకున్నాడు.

బోధన్ పక్క ఊళ్లో అతనితో కాపురం చేసిన రోజుల్లో పిల్లలు కాలేదు. లోపం ఆమెదేనని ఇంట్లో అందరూ తేల్చేశారు. బోధన్‌లో కడుపు కడిగించారు, నిజామాబాద్‌లో కడిగించారు, ఒకసారి నాందేడ్ దాకా తీసుకుపోయి కడిగించారు. బీడీల మీద జమైన పి.ఎఫ్. డబ్బు, తల్లి పెట్టిన వెండి కడియాలు ఆ కడగడాలకే కరిగిపోయాయి. నాందేడ్ డాక్టరు ఆమెకు ఏ లోపమూ లేదని, మొగుణ్ణి ఒకసారి పంపమని చెప్పాడు. ఆ మాట ఇంటికి మోసుకొచ్చినందుకు హన్మాండ్లు ఆమె చెయ్యి విరిచాడు. అత్త భూమవ్వ అయితే పక్కింటి తొట్టెల పండుగలో, ఊరి ఆడవాళ్లందరి ముందు ఉయ్యాల తాడును ఆమె చేతిలోంచి గుంజుకుని, "ఉత్త డబ్బా! మోగుడే గని లోపట ఏం లేదు" అంది. అందరూ నవ్వారు.

ఆమె పుట్టింటికి పోయి చేతికి కట్టు కట్టించుకుంటుంటే, చెరుకు కోతకొచ్చిన మరాఠోనితో లేచిపోయిందని అతడు ఊరంతా చెప్పాడు. ఆ మాట మీదే పంచాయతీలో ఇడుపు కాయితం రాయించుకున్నాడు. ఆ మాట విన్న అన్నదమ్ములు తలుపు వేసుకున్నారు. ఆమె నిజామాబాద్ వచ్చి చీపురు పట్టింది. ఆనాటి నుంచి దేవుణ్ణి ఆమె పిల్లలను అడగలేదు, మంచి రోజులను అడగలేదు. ఈ మనిషిని తెచ్చి ఈ హాల్లో కూర్చోబెట్టమని మాత్రం అడిగింది. ఇవాళ కూర్చున్నాడు. ముత్తవ్వకు కడుపు చల్లబడింది.

వాళ్ల వంతు వచ్చింది. పేరు రాజేశ్వరే పిలిచాడు. "మోస్రా గంగమణి!" అని ఆ పిల్లను పుట్టింటి ఊరి పేరుతో పిలిచి ఊరుకున్నాడు. డాక్టరమ్మ గది పరదా పట్టుకుని ముత్తవ్వ ఎప్పటిలాగే గుమ్మంలో నిలబడింది.

"ముందు మీకు పరీక్ష చెయ్యాలి. అది చూస్తేగాని ఏ వైద్యం పనికొస్తుందో చెప్పలేను" అంది డాక్టరమ్మ.

"నాకెందుకు మేడం? నేను గట్టిగున్న. లోపం ఆడిదానికే. మొదటిదానికి గూడ గట్లనే ఉండె" అన్నాడు హన్మాండ్లు. "హైద్రాబాద్ల టెస్ట్ ట్యూబ్ చేస్తరట గద. సీదా గాడికే పోతం. గీమెకు అవ్వగారింటోళ్లు పసుపు కుంకుమ కింద ఇచ్చిన ఎకరం చెరుకు భూమి ఉన్నది. అమ్మేస్త."

"అక్కడికి పోయినా మొదట ఇదే పరీక్ష. అన్నీ బాగున్నా పదిమందిలో ఇద్దరికో ముగ్గురికో నిలుస్తుంది. నిలవకపోతే భూమి తిరిగి రాదు. ఇద్దరూ ఆలోచించుకోండి."

గంగమణి అంతసేపూ నేలనే చూస్తోంది. భూమి మాట వచ్చినప్పుడు మాత్రం తల ఎత్తింది.

బయటికి రాగానే హన్మాండ్లు చెప్పులు తొడుక్కుని బీడీ తాగడానికి పాన్ డబ్బా దగ్గరికి పోయాడు. గంగమణి నీళ్ల కుండ దగ్గరికి వచ్చింది. గ్లాసు ముంచింది గానీ తాగలేదు.

"అక్కా, నువ్వు శానమందిని సూసి ఉంటవు. అమ్మితే అయితదా?"

డాక్టరు మాట కంటే ఆయా మాట నమ్మే ఆడవాళ్లే అక్కడికి ఎక్కువ వస్తారు. 'అయితది, అమ్ముండ్రి' అనే మాట ముత్తవ్వ నాలుక చివరి దాకా వచ్చింది. అమ్మనీ, ఊళ్లు తిరగనీ, ఉత్త చేతులతో రానీ, మట్టి కొట్టుకుపోనీ. కానీ మట్టి కొట్టుకుపోయేది ఎవరు? భూమి ఈ పిల్లది. సూదులు గుచ్చేది ఈ పిల్లకు. వాడికి పోయేదేమీ లేదు, రేపు మూడోదాన్ని తెచ్చుకుంటాడు. ముత్తవ్వ ఆ మాట మింగేసింది. దయ అనుకునేరు, దయ కాదు. ఇన్నేళ్లు దాచిన దెబ్బ ఇంకొకరికి తగలకూడదని.

"నీకు కడుపు కడిగిండ్రా?"

"బోధన్ల కడిగిండ్రు. అంత మంచిగనే ఉన్నదన్నరు."

"నాకు గూడ గట్లనే అన్నరు. మొదటామె ఏమైందని చెప్పిండు నీకు?"

గంగమణి ఆమె ముఖంలోకి చూసింది. "ఎవన్తోనో లేచిపోయిందట."

ముత్తవ్వ ఎడమ చెయ్యి చాపి వంకర మణికట్టు చూపించింది. "గీ ఇరిగిన చెయ్యి పట్టుకొని యాడికి లేచిపోత బిడ్డా?"

గంగమణి ఆ చేతిని చాలాసేపు చూసింది. తన జబ్బను, రవిక చేతి కింద ఎక్కడో, మెల్లగా పట్టుకుంది.

"ఆయినె పరీక్ష చేయించుకున్నంక భూమి ముచ్చట తియ్యి. చేయించుకోకుంటే గా భూమి మీద నువ్వే పోయి కూసో" అంది ముత్తవ్వ.

గంగమణి నీళ్లు గటగటా తాగి, గ్లాసు బోర్లించి, ఒక్కతే డాక్టరమ్మ గదిలోకి పోయింది. కాసేపటికి ఆమె బయటికొచ్చి కుర్చీలో కూర్చుంది, వెనకే రాజేశ్వర్ డబ్బా పట్టుకుని వచ్చాడు. మీద కాగితం అంటించి పేరు రాశాడు.

"గా పిల్లే మగాయనకు పరీక్ష రాయించింది. నీ తోకదేవుడే ముత్తవ్వా, నేను పిలుస్త తియ్యి."

"వద్దు. నేనే పిలుస్త."

రాజేశ్వర్ వింతగా చూస్తూ పేపరు ముక్క అందించాడు. ఆమె దాన్ని బల్ల మీదే వదిలేసింది. డబ్బాను అట్లాగే చేతిలో పట్టుకుని హాలు నడిమికి పోయింది. హన్మాండ్లు అప్పటికే తిరిగొచ్చి ఫ్యాను కింద కూర్చుని ఉన్నాడు. ముత్తవ్వ ఒకసారి దగ్గింది.

"హన్మాండ్లు!"

టీవీ చూస్తున్నవాళ్లు కూడా తిరిగారు. రెండోసారి గొంతు సాఫుగా వచ్చింది.

"బోధన్ హన్మాండ్లు! మగాయన పరీక్ష! గీ డబ్బా పట్టుకొని ఆఖరు రూముకు పో!"

అతని ముఖంలో రక్తం ఇంకిపోయింది. ఆ నోట తన పేరు అతడు వినడం ఇదే మొదలు. తన్నినా, చెయ్యి విరిచినా రాని పేరు అది. ముత్తవ్వ ఒక్క అడుగు కూడా ముందుకు వేయలేదు. వంకర చెయ్యి చాపి, అందరికీ కనబడేటట్టు డబ్బా పట్టుకుని, అతడే లేచి రావాలని నిలబడింది. వచ్చాడు. రుమాలు తల మీద కప్పుకుని, ఎడమ కాలు ఈడ్చుకుంటూ హాలు పొడుగునా నడిచాడు. ఆమె ప్రతి అడుగూ చూసింది. సంతోషమైందా అంటే, అయింది. పండుగనాడు కూడా అంత సంతోషం ఆమెకు ఎన్నడూ కాలేదు. గోడవారగా కూర్చున్న ఇద్దరు మగవాళ్లు తమ పేర్లూ ఇట్లాగే పిలుస్తుందేమోనని మెల్లగా బయటికి జారుకున్నారు.

ఆఖరు గది తలుపు పడగానే గంగమణి లేచింది. సంచి చంకకు తగిలించుకుంది. గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ అడిగింది.

"మోస్రాకు బస్సు యాడ దొరుకుతది అక్కా?"

"ఆటోల బస్టాండుకు పో. వర్ని పోయే బస్సెక్కు."

అంతే. వెనక్కి తిరిగి చూడకుండా పోయింది. ఆమె చెప్పులున్న చోటు ఖాళీ అయి, పక్కన టైరు చెప్పులు మాత్రం గోడవారన మిగిలాయి.

హన్మాండ్లు చాలాసేపటికి బయటికి వచ్చాడు. ఖాళీ కుర్చీ చూశాడు. వరండా చూశాడు. ఎవరిని అడగాలో తెలియక, నేల తుడుస్తున్న ముత్తవ్వ దగ్గరికే రావలసి వచ్చింది.

"గంగమణి ఏది?"

ముత్తవ్వ తల ఎత్తలేదు. గుడ్డను బకెట్‌లో ముంచి, గట్టిగా పిండి, దులిపింది.

"లేచిపోయింది."

అతని చెయ్యి లేవబోయింది. హాలంతా తననే చూస్తోందని తెలిసి ఆగింది. చెప్పుల్లో కాళ్లు పెట్టబోతే ఎడమది కుడికాలికి వచ్చింది. మార్చుకుని, కాలు ఈడ్చుకుంటూ రోడ్డెక్కాడు.

సాయంత్రం రోగులంతా పోయాక ముత్తవ్వ ఆఖరు గది ఊడవడానికి వెళ్లింది. కిటికీలో డబ్బా ఉంది. మూత, ఇచ్చినప్పుడు ఎట్లా ఉందో అట్లాగే బిగించి ఉంది. తీసి చెవి దగ్గర పెట్టి ఊపింది. మోగను కూడా మోగలేదు. పేరు బయటికి కనబడేటట్టు తిప్పి, మళ్లీ కిటికీలోనే పెట్టింది. ఉత్త డబ్బా.