పింగాణీల కింది ఉప్పు

ఒడిశా తీరంలో హుమ్మ పక్కన హైవేని ఆనుకుని ఉన్న చిన్న సబ్‌స్టేషన్‌లో ఆపరేటరు నరసన్న శనివారం పొద్దున్న ఎనిమిదికి డ్యూటీ ఎక్కాడు. అతన్ని విడిపించవలసిన అసిరయ్య దసరాకి అస్కాలో అత్తవారింటికి వెళ్ళాడు. ఆ రోజే పైలీన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. దాంతో నరసన్న డ్యూటీ ఆరు రోజులు నడిచింది.

కంట్రోల్ రూము పైరేకులు ఎగిరిపోయినప్పుడు అతను బల్ల కింద ఉన్నాడు. లాగ్ పుస్తకంలో అలాగే రాశాడు. ‘రేకులు పోయినవి. ఆపరేటరు బల్ల కింద ఉన్నాడు. సప్లై లేదు.’

తెల్లారి చూస్తే యార్డులో ఇనప దూలాలు నిలబడే ఉన్నాయి, ట్రాన్స్‌ఫార్మరు నిలబడే ఉంది. బయట మాత్రం హైవే పొడుగునా ఒక్క స్తంభం నిటారుగా లేదు. ఊరి నూతుల్లోకి సముద్రం నీళ్ళు వచ్చాయి. బోరు బాగానే ఉంది గాని దాని మోటారుకి కరెంటు లేదు. రోజుకొక ట్యాంకరు వచ్చి సబ్‌స్టేషన్ గేటు దగ్గర ఆగేది. ఇంటికి రెండు బిందెలు.

మూడో రోజున బరంపురం నుంచి జూనియర్ ఇంజినీరు వెంకటరమణమూర్తి నలుగురు లైన్‌మెన్‌తో వచ్చాడు. గంట ప్రయాణానికి రోజంతా పట్టింది. దారిలో పడ్డ చెట్లని వాళ్ళే కోసుకుంటూ వచ్చారు. ఆయన ముందు నష్టాల జాబితా మూడు కాపీలు తయారుచేసి, తరవాత చొక్కా విప్పి స్తంభాలు మోశాడు. శుక్రవారం పదకొండు గంటలకి లైను సబ్‌స్టేషన్‌ దాకా వచ్చింది. ఛార్జ్ చేశారు.

కరెంటు వదలగానే ఢామ్మని పేలింది. తీగని మోసే పింగాణీ ఇన్సులేటరొకటి నిలువునా చీలింది. అవతలి సబ్‌స్టేషన్‌లో బ్రేకరు పడి లైను ఆగిపోయింది. ట్యాంకరు దగ్గర వరసలో ఉన్న ఆడవాళ్ళు బిందెలు వదిలేసి రోడ్డు మీద కూర్చున్నారు.

“పింగాణీలన్నీ దెబ్బతిన్నాయి. మార్చాలి. భువనేశ్వర్ స్టోరునుంచి రావాలి. పది రోజులు,” అన్నాడు మూర్తి.

“ఉప్పు పట్టిందేమో బాబూ, దాని మీంచి కరెంటు పాకేస్తుంది,” అన్నాడు లైన్‌మన్ కాసులు.

“మూడు రోజులు వాన కురిసింది కదా. కడిగేసి ఉంటుంది.”

గేటు కమ్మీల్లోంచి ఒక ఆడమనిషి మాట వినిపించింది. “పైన కడిగింది బాబూ. కింద?”

ఆమె కన్నమ్మ. ఉప్పు మళ్ళలో పని చేస్తుంది. అందరూ లేచి బిందెలు ఏరుకుంటుంటే ఆమె మాత్రం యార్డులోకి చూస్తూ నిలబడింది. పదిహేడేళ్ళలో ఆమె ఆ గేటుకేసి చూడడం అదే మొదలు. ఆమె మొగుడు మసేను ఆ యార్డులోనే కూలిపని చేస్తూ పోయాడు. లైను ఆపామని ఎవరో ఫోనులో చెప్పారు. ఆపలేదు. ఆ రోజు కూడా డ్యూటీలో ఉన్నది నరసన్నే. అప్పటినుంచి అతను పాసు లేని మనిషిని లోపలికి రానివ్వలేదు. ఆమె రావాలని అడగలేదు.

మూర్తి పగిలిన పింగాణీ ముక్కని గేటు దగ్గరికి పట్టుకొచ్చాడు. ఇన్సులేటరంటే గొడుగుమీద గొడుగు పేర్చినట్టు ఉంటుంది. కన్నమ్మ గొడుగు కింది వైపు వేలు పెట్టి రాసి నాలుక మీద పెట్టుకుంది.

“ఉప్పే. గట్టిగా పేరుకుంది. మా ఉప్పు గుట్ట ఎటెల్లిపోయిందా అనుకున్నాను, ఇక్కడుంది.”

మూర్తి కూడా నాకి చూశాడు.

“అయితే తడిగుడ్డ పెట్టి తుడిచేద్దాం,” అన్నాడు.

“తడిగుడ్డతో మొదలెడితే కరిగి అక్కడే కూకుంటాది బాబూ. ముందల పొడి కొబ్బరి పీసుతో రుద్దాల. ఆ తరవాత పిండిన గుడ్డ. మల్లీ పొడి గుడ్డ. నీల్లు మంచివుండాల.”

మంచినీళ్ళు ట్యాంకర్లో తప్ప ఎక్కడా లేవు. కన్నమ్మ వెనక్కి తిరిగింది.

“ఇంటికో బిందె ఇయ్యండి. మోటారు తిరిగితే ఎన్నైనా తోడుకోవచ్చు.”

“తిరక్కపోతే?” అంది కాసమ్మ. ఆమె కన్నమ్మ అత్త. బ్లీచింగు మందు వాసనని ట్యాంకరు నీళ్ళు నోట పెట్టక మూడు రోజులుగా కొబ్బరినీళ్ళ మీదే ఉంది.

“తిరక్కపోతే రేపు మల్లీ లైన్లో నిలబడదుం.”

పదకొండు బిందెలు వచ్చాయి. బిందెలతో పాటు పదకొండు మంది ఆడవాళ్ళూ వచ్చారు. గేటు దగ్గర నరసన్న అడ్డం నిలబడ్డాడు.

“పాసుల్లేవు,” అన్నాడు.

“నేను రాసిస్తాను,” అన్నాడు మూర్తి.

“పాసు రాస్తే కరెంటు ఆగదు బాబూ.”

కన్నమ్మ ముందుకి వచ్చింది. “ఆగిందని ఎలాగ తెలస్తాది బావా? సూపించు.”

నరసన్న ఆమెని వెంటబెట్టుకుని వెళ్ళాడు. లైను విడదీసే పిడి కిందకి దించి, పైన బ్లేడు తెరుచుకోవడం చూపించాడు. పిడికి తాళం వేశాడు. కరెంటొచ్చినా నేలలోకి పోయేలా మూడు తీగలకీ ఎర్త్ కడ్డీలు తగిలించాడు. ఒక్కొక్కటీ రెండేసిసార్లు లాగి చూశాడు. ఆమె చూసింది.

“ఇప్పుడెవులైనా ఫోన్ సేసి ఏటైనా సెప్తే?” అంది.

“తాళం తియ్యకుండా ఎవులూ ఏటీ సెయ్యలేరు.”

“తాళంసెవి నాకియ్యి.”

ఆపరేటరు తాళంచెవి బయటి మనిషి చేతికివ్వడం అన్ని రూల్సుకీ విరుద్ధం. నరసన్న ఇచ్చాడు. ఆమె కొంగున ముడి వేసుకుంది.

మొత్తం రెండు వందల పన్నెండు ఇన్సులేటర్లు. పైవి లైన్‌మెన్ ఎక్కి తుడిచారు, వెదురు నిచ్చెనలకి అందేవి ఆడవాళ్ళు తుడిచారు. గుడ్డ ఉతికిన నీళ్ళు ఎప్పుడు పారబొయ్యాలో కన్నమ్మ రుచి చూసి చెప్పేది. మూర్తి పుస్తకంలో ‘నీటి పరీక్ష జరిగినది’ అని రాశాడు. ఎలా జరిగిందో రాయలేదు.

ఒక దూలం దగ్గర నరసన్న ఆమెని ఆపాడు. “దాన్ని నాను తుడుస్తాను. నువ్వు ఒగ్గీ.”

మసేను పడింది అక్కడే. ఆమెకి ఎవరూ చెప్పలేదు గాని తెలిసింది.

“ఆ రోజు ఫోన్లో మాట నమ్మీసేను. ఎల్లి సూడవలిసింది. సూడనేదు,” అన్నాడు నరసన్న.

కన్నమ్మ నిచ్చెన వేసుకుని ఎక్కింది. “నిచ్చెన పట్టుకో బావా. కదుల్తంది,” అంది. అతను రెండు చేతులా పట్టుకున్నాడు. ఆమె పని పూర్తయ్యేదాకా తల ఎత్తలేదు.

నాలుగు గంటలకి చీలినదాని స్థానంలో వాడని లైనునుంచి విప్పిన ఇన్సులేటరు బిగించారు. నరసన్న ఆడవాళ్ళని గేటు బయట వరసగా నిలబెట్టి లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. లైన్‌మెన్‌ని పేరుపేరునా పిలిచాడు. కడ్డీలు తీశాడు. కన్నమ్మ దగ్గరికి వచ్చి చెయ్యి చాపాడు. ఆమె కూడా వేళ్ళు మడిచి అందరినీ లెక్కపెట్టుకుని, అప్పుడు ముడి విప్పింది.

ఛార్జ్ చేశారు. ఈసారి పేలలేదు. ట్రాన్స్‌ఫార్మరు సన్నగా మూలగడం మొదలుపెట్టింది. మూర్తి అయిదు నిమిషాలు ఆగుదామన్నాడు. పది నిమిషాలు ఆగారు. తరవాత ఊళ్ళోకి వదిలారు.

బోరు మోటారు తిరిగింది. మొదట వచ్చిన నీళ్ళు ఎర్రగా ఉన్నాయి, తరవాత తేటపడ్డాయి. కాసమ్మ దోసిలి పట్టి తాగింది, మొహం కడుక్కుంది, మళ్ళీ తాగింది.

“బాగున్నాయేటి?” అని అడిగింది కన్నమ్మ.

“నీల్లలాగున్నాయి,” అంది కాసమ్మ, బిందె పెట్టమని చేత్తో చూపిస్తూ.